బొటనవేలంత ఖాళీ

ఆ ఏడు వాగు పొంగి
సభ జరిగే ఇంట్లోకి వచ్చింది.
మాకు బీరువా లేదు, పిండిపెట్టెలోనే పుస్తకం.
బార్జిలై నెత్తిన పెట్టుకుని తెచ్చేసరికి
అరవై ఏళ్ల మాటలు తడిసి
చల్లారిన అట్లలా ఒకదానికొకటి అంటుకున్నాయి.

"చేతిరాత కుదురైనది నీకే, కెజయా,
కొత్త పుస్తకంలోకి ఎత్తి రాయి నువ్వు" అన్నారు.
మాలో పెద్దా చిన్నా అందరికీ నువ్వే.
సముద్రానికి అవతల జడ్జిని నువ్వన్నందుకు
మా తాత నాలుగు గొర్రెలు పోగొట్టుకున్నాడు.
ఏడో పుటలో ఉంది, గొర్రెల రంగుతో సహా.

బయటివాళ్లు మమ్మల్ని క్వేకర్లంటారు, వణికేవాళ్లని.
వెస్ట్ జెర్సీ చలికాలంలో, పొయ్యి లేని సభలో
అది అబద్ధమేం కాదు.

మాచికాయలు దంచి అన్నభేది కలిపాను.
బాతు ఈక చెక్కాను.
మొదటినెల, నాలుగోరోజు.
మా నెలలకూ వారాలకూ దేవతల పేర్లుండవు, అంకెలే.

ఎవరి కంచె ఎవరి పొలంలోకి జరిగిందో,
ఎవరు రమ్ము తాగొచ్చి బల్లమీద కునికారో,
విధవరాలికి రెండు బండ్ల కట్టెలు,
పెళ్లాడతానని సభలో లేచి చెప్పి
రెండోసారికి రాని అబ్బాయి.
అన్నీ ఉన్నాయి. మౌనం మాత్రం లేదు.
గంటలకొద్దీ మేం కూర్చున్నది దానికోసమే,
ఎలా రాయాలో ఏ గుమస్తాకీ తెలియలేదు.

నలభై మూడో పుటలో మా అమ్మ.
బయటివాణ్ణి, చర్చి ఫాదరీ ముందు పెళ్లాడినందుకు వెలి.
నీళ్లకన్నా ముందే ఎలుక వచ్చి
పేరు తిని నేరం వదిలేసింది.
తెలిసిన పేరే కనక నింపాను.
సరే, అది నిజమే కదా అన్నారు పెద్దలు.

తర్వాతి పుట చెక్కుచెదరలేదు.
"మిత్రుడు ఎనాక్ ఒక నల్ల కుర్రాణ్ణి కొన్నాడు.
సభకు కొంత బాధ కలిగింది."
కన్నం లేదు, మరక లేదు.
పేరు అసలు రాయనేలేదు.

నాకు తెలుసు.
ఎండాకాలం బావి దగ్గర నా దోసిట్లో నీళ్లు పోసేవాడు.
క్వాకో. వాళ్లమ్మ పెట్టింది.
బుధవారం పుట్టినవాడని దానర్థమట.
మా లెక్కలో నాలుగోరోజు.

"లేనిది చేర్చకు" అన్నారు.
చేర్చలేదు.
"కుర్రాణ్ణి" అన్న మాట తర్వాత ఈక ఎత్తి,
బొటనవేలు ఆనించి,
అవతలినుంచి మళ్లీ మొదలుపెట్టాను.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి
సరిచూశాడు బార్జిలై, వేలు నడిపిస్తూ.
అక్కడ ఆగింది వేలు.
పాత పుస్తకంలో ఆ ఖాళీ లేదు.
నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.
కొవ్వొత్తి అంగుళం తరిగిందాకా
ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తర్వాత ఆయన పుట తిప్పాడు.
నలభై ఐదు. కంచె తగాదా. పరిష్కారమైంది.