పిండి పొంగిన రోజు

రాత్రి పిండి పొంగింది.
మూత తోసుకుని, స్టూలు కాలి వెంట జారి
నేల మీద తెల్లటి మడుగు కట్టింది.
పిల్లి నాకుతున్న చప్పుడికి మెలకువొచ్చింది నాకు.

మాఘమాసంలో, గుణుపురంలో, పిండి పొంగడమా!
ఏటా ఈ రోజుల్లో గిన్నెకి
మా గురువులు కప్పుకుని కప్పుకుని వదిలేసిన కంబళి చుట్టి
పొయ్యి పక్కన పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెడతాను.
అయినా తెల్లారేసరికి బిగుసుకునే ఉంటుంది,
అలిగిన ఆడబిడ్డలాగ.

తలుపు తీశాను.
చలి కొడుతుందని మొహం పక్కకి తిప్పుకున్నాను, అలవాటు కొద్దీ.
ఏదీ?
గాలి వచ్చి చెంప మీద చెయ్యేసి ఊరుకుంది.

స్టేషను బయట బండి పెట్టేసరికి ఆరు.
మంకీ టోపీలన్నీ జేబుల్లో ఉన్నాయి.
టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.
రైల్వే కానిస్టేబులు ఇడ్లీ కొరికి
"ఖట్టా" అని మొహం చిట్లించాడు.
పులిసింది బాబూ, నానేటి చేసీది,
రాత్రి నాకు చెప్పి వేడెక్కిందా?
మిగిలిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరప కోసి పడేసి
పునుగులు వేశాను. ఎనిమిదికల్లా మూకుడు ఖాళీ.

మరమరాల సబిత్రి తట్ట దించి
ఆకాశంకేసి చూసి "సీతొ గలా" అంది.
చలి పోయిందని దానర్థం. తెలుసు.
ఇరవై ఏళ్ళ స్నేహం, అయినా నా చెవి తెలుగుదే,
సీత వెళ్ళిపోయిందనే వినబడుతుంది.
"ఎక్కడికెళ్ళిందే, చెప్పా పెట్టకుండా?" అన్నాను.

శివరాత్రికి కదా చలి శివశివా అని పోవాలి,
ఇంకా పద్దెనిమిది రోజులుంది.
లెక్కలు నాకెందుకు.
ఎండ వచ్చి బండి చక్రం మీద కూచుంది.

ఇంటికి పోలేదు.
అంట్లన్నీ బండి కిందకి తోసి, గోనె కప్పి
ఇద్దరం వంశధారకి నడిచాం.

ఏరు మూడు పాయలుగా, తొందరేమీ లేకుండా ఉంది.
పోయిన వారం గిన్నెలు తోముదామని దిగితే
కత్తిపీట మీద అడుగేసినట్టుంది.
ఇవాళ నీళ్ళు పాత నూలుచీరలా పాదాలకి చుట్టుకున్నాయి.
శాలువా తీశాను. స్వెట్టరు తీశాను.
"ఇంకేం తీస్తావు నానీ?" అని సబిత్రి నవ్వింది.
అక్కని వాళ్ళు నానీ అంటారు.

చీపురుకట్టలతో ఏరు దాటుతున్న సవర ముసలాయన
మమ్మల్ని చూసి ఆగాడు.
కొండ మీద ఇప్ప అప్పుడే మొగ్గ పట్టిందట.
"మంచిదేగా?" అన్నాను.
అవుననలేదు, కాదనలేదు.
పాయలో మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే నడిచిపోయాడు.
ఆ మాట ఇసకలో గుచ్చిన పుల్లలా
కాసేపు కనిపిస్తూనే ఉంది.
తర్వాత అటు చూడ్డం మానేశాను.

ఇసక నడుం కింద మెత్తగా సర్దుకుంది.
రోజూ మూడున్నరకి లేచే ఒళ్ళు ఇది,
పొగ, ఆవిరి తప్ప ఇంకో వెచ్చదనం ఎరగదు.
ఏ పనీ చెయ్యకుండా వెచ్చబడటం దీనికి కొత్త.
ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు.
మరమరాలు తిన్నాం.
కొన్ని గాలి పట్టుకుపోయింది, పోనిచ్చాం.
ఎప్పుడు నిద్రపట్టిందో.

లేచేసరికి ఎండ అవతలి గట్టుకి మారింది.
నా శాలువా నా మొహం మీద నీడై ఉంది.
ఎవరు కప్పారో అడగక్కర్లేదు,
పక్కనే నోరు తెరిచి గుర్రు పెడుతోంది.

సాయంత్రం పప్పు రుబ్బి గిన్నెకెత్తాను.
కంబళి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
కప్పనా, మాననా.
రేపు చలి తిరిగొస్తే? రాకపోతే?
చివరికి దాన్ని మడిచి నా తలకింద పెట్టుకున్నాను.
గిన్నె సగమే నింపాను.

పిల్లి మాత్రం అప్పుడే వచ్చి
స్టూలు కింద కూచుంది.