ముద్ర లేని రాయి

షట్టరు సగం దించినాక వచ్చినాడు దొరవేలు,
బెల్లం మండీలో కాటా పట్టే దొరవేలు.
చేతిలో సంచి, సంచిలో పేపరు,
పేపర్లో రెండు ముక్కల ఇనప పట్టీ,
పక్కన బోల్టులు, కింద కొక్కీ.

"లోపల మెత్తగా ఏమన్నా వేసియ్యి జిలానన్నా.
పట్టు జారకూడదు. వొత్తుకోనూ కూడదు."
దేనికిరా అంటే
"పైపుకి" అన్నాడు.
ఏ పైపుకి అంటే
గోడమీద పోయినేడు క్యాలెండరు చదవతా నిలబడినాడు.

ముప్పై రెండేండ్లుగా కట్టమంచి రోడ్డులో
మెత్తన కుట్టి బతకతా ఉండాను.
కాణిపాకం ఆటోల సీట్లు,
లారీ డ్రైవర్ల నడుముకి దిండ్లు,
ఒకసారి ఒక ముసలాయన చంకకర్రకి తల.
పైపుకి మెత్తన అడిగినోడు లేడు.
పైపుకి నొప్పుండదు గదా.

స్పాంజి తీసినా. వేలితో నొక్కినాడు.
బరువు పడితే అప్పడం అయిపోతాదిరా, ఎంత బరువు అంటే
"ముందు అరకిలో. నెల పోయినాక కిలో. ఆ తర్వాత..."
అని ఆగిపోయినాడు.
నేనూ ఆగిపోయినా.

నవ్వొచ్చిన మాట నిజం.
ఒక గుటక నీళ్ళతో మింగినా.

ఇంక పేరు పెట్టకుండానే మాట్లాడుకున్నాం ఇద్దరం,
పొద్దుపోయిన షాపులో, దాన్ని పైపు అనే.
సైకిల్ ట్యూబు పట్టుకుంటే వదలదు, వెంట్రుకని గూడా వదలదు.
వెల్వెట్టు చూసేదానికే, బరువు పడితే జారిపోతాది.
రెక్సిను చెమటకి పుండు చేస్తాది,
నా బిడ్డకి స్కూలుబ్యాగు కుట్టి తెలుసుకున్నా.
మేకతోలు నానబెట్టి ఆరబెడితే చెయ్యి మాదిరి వంగతాది,
దాని కింద పాత బనీను రెండు మడతలు.
కొత్తగుడ్డ వద్దు.
లోకంలో మెత్తనంతా
అరిగిపోయినదాంట్లోనే ఉండాది.

తల ఊపతా ఉండాడు, బడిపిల్లోడి మాదిరి.
"తిమ్మిరొస్తే ఏం చేస్తావు?"
"మంచిదే గదన్నా, నొప్పుండదు."
వొరే,
పదహారు గంటలు స్టీరింగు పట్టుకున్నోళ్ళు చెప్పినారు నాకు:
తిమ్మిరంటే నొప్పి పోవడం కాదు,
నొప్పికి నోరు పడిపోవడం.
నీలం తిరిగిన కండకి ఏ తోలూ మెత్తన కాదు.
ఆ మాట డాక్టర్ని అడుగు, కుట్టుమిషన్ని కాదు.

అప్పుడు చెప్పినాడు, కత్తెర తీసి పెట్టతా తీసి పెట్టతా.
పలమనేరు పిల్లంట. ఆవణిలో ముహూర్తం.
"ఆ పిల్లేమన్నా అనిందా?"
"ఎవురూ ఏమీ అన్లేదన్నా. నేనే తూచుకున్నా."
"ఏ రాయి పెట్టి?"
జేబులో ఫోను మీద చెయ్యేసుకున్నాడు.

దొరవేలూ,
ఏడాదికోసారి తూనికలోళ్ళు వచ్చి
మీ మండీ రాళ్ళకి ముద్ర గుద్ది పోతారే,
ముద్ర లేని రాయితో పిడికెడు బెల్లం గూడా తూచవే నువ్వు,
ఈ రాయికి ముద్ర యాడుందో చూసినావా?

మాట్లాడలేదు.
కుట్టమనే అన్నాడు.
కుట్టినా. పని కోరి వచ్చినోణ్ణి
వట్టిచేతుల్తో పంపడం చేతకాదు నాకు.
కుట్టు లోపలికి తిప్పినా, ముడి యాడా తగలకుండా.
ముప్పై రెండేండ్లలో అంత సన్నకుట్టు ఇంకొకటి వెయ్యలేదు.

డబ్బులిచ్చేటప్పుడు చూసినా వాడి అరచెయ్యి,
మూటలు లాగే కొక్కీ కోసి కోసి
బెల్లం పాకు మాదిరి పగిలిపోయుండాది.
దానికి మెత్తన అడగాలని ఎప్పుడూ తోచలేదంట.
సంచిలోంచి ఆ కొక్కీ లాక్కుని
మిగిలిన మేకతోలు పిడికి చుట్టిచ్చినా.
దానికి కూలి తీసుకోలేదు.

పట్టీ ఏమైందో నేనడగలేదు. వాడూ చెప్పలేదు.
మొన్న పలమనేరులో పెండ్లికి పోయినా.
దండ వేసేటప్పుడు వాడి చేతులు వణికినాయి,
ఆ పిల్ల తలవొంచి, కొంచెం ముందుకొచ్చి, అందించింది మెడ.
నేను చూసింది అంతే.
సాంబార్లో ఉప్పు తక్కువ.