కాంటా

జీడిమెట్ల పైపులైను రోడ్డు మీద
నేనిప్పుడు బరువులు చూసే మనిషిని.
లారీ ఎక్కుతది. ఇనుప పలక ఒకసారి మూలుగుతది.
స్తంభం మీద ఎర్ర అంకెలు ఉరుకుతయి, తడబడతయి,
నిలబడ్డంక చీటీ చింపి ఇస్త.
చిన్న బండికి యాభై, పెద్ద బండికి ఎనభై.

ఇదివరకు తౌలల్ల బతికినోణ్ణి.
అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే
అందుల ఒక ముక్క తౌ.
సగం తౌ ఎక్కువైతే షాఫ్టు బేరింగుల దిగదు.
మైక్రోమీటరు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేది.
చలికాలం పొద్దున కోసిన పీసు
పగటీలి ఎండకు ఎంత ఉబ్బుతదో వేలికే తెలిసేది.
రాజేశ్వరి నవ్వేది,
కూరల ఉప్పు గూడ గిట్లనే కొలుస్తవా అని.

ఇప్పుడు నా కాంటకు ఇరవై కిలోల లోపు లెక్కల్లేదు.
ఇరవై కిలోలంటే
రెండో తరగతిల మా చిన్నదాని బరువు.
అది పలక మీద ఎక్కి దునికినా
అంకె కదలకపోవు.

మా కంపెనీ ఒక్కనాడు మూతపడలె.
ముందు క్యాంటీన్ల మిర్చి బజ్జీలు బందైనయి.
తర్వాత మూడో షిఫ్టు.
వాచ్‌మన్ పెంటయ్యను రాత్రి వద్దు పగలు రమ్మన్నరు,
పగలు వస్తే రేపు రమ్మన్నరు.
కరెంటు లేదన్నరు, కరెంటు వచ్చినంక ఆర్డర్లు లేవన్నరు.
జీతంల పీఎఫ్ కోసిన్రు, కట్టలె.
ఆ దసరాకు మిషన్లకు పసుపు పెట్టినం గని
గుమ్మడికాయకు పైసలెవరియ్యాలె అని
ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.
కార్తీకంల ఒక సోమారం గేటుకు తాళం.
కొత్త తాళం, నిగనిగలాడుతుండె.
ఆ ఏడు కంపెనీ కొన్న కొత్త సామాను
అదొక్కటే.

మిల్లింగ్ జహంగీర్ భాయ్ సూరారం మలుపుల
కొబ్బరిబోండాలు కొడుతుండు.
మూత ఒక్క తీరు మందంతోటి లేస్తది,
గిరాకీ ఎవరూ అది చూడరు.
పోశెట్టి షాపూర్‌నగర్ అడ్డ మీద
పొద్దుగాల ఆరుకే నిలబడతడు.
మేస్త్రీ వచ్చి మొకం చూడడు, భుజాలు చూస్తడు.
మా పెద్దోడు బండి మీద
మాదాపూర్ మేడలకు బిర్యానీ మోస్తుండు.
"నాదిగూడ కొలత పనే బాపూ, నిమిషాలల్ల" అంటడు.
నేనేమనలె.
వాని హెల్మెట్ పట్టీ తెగింది, కుట్టిచ్చిన.

మొన్న బేస్తారం పొద్దూకంగ
లారీల నాలుగు మిషన్లు వచ్చినయి,
తాళ్లతోటి కట్టేసి, పశువులోలె.
మూడోది నాది.
పచ్చరంగు లేచిపోయిన కాడ
చక్కు జారి పడ్డ సొట్ట అట్లనే ఉంది.
హెడ్‌స్టాక్ సందుల పసుపు మరక.
డ్రైవరు పిల్లగాడు ఫోన్ల మాట్లాడుతుండు.
నేను టైరు మీద కాలువెట్టి ఎక్కి
స్పిండిల్ మీద చెయ్యేసి తిప్పిన.
తిరిగింది.
చప్పుడు లేదు, వణుకు లేదు.
గేరుబాక్సుల నూనె, నేను పోసిందే,
ఇంకా ఉన్నట్టుంది.

"జల్ది అన్నా" అన్నడు పిల్లగాడు.

ఖాళీ బండి తీసేస్తే
ఏడువేల మూడువందల అరవై.
నాలుగింటికి కలిపి ఒక్కటే అంకె.
అందుల నాదెంతో కాంటా విడదీసి చెప్పదు.
సరుకు ఏందని కంప్యూటరు అడిగింది.
నా డబ్బల మూడే బటన్లు.
ఇసుక, కంకర, స్క్రాపు.
మూడోది నొక్కిన.

లారీ పోయినంక
అంకెలు సున్నాకు రాలె.
అరవై కాడ ఆగినయి.
కాంటా పాడైందనుకున్న.
సేటుకు ఫోన్ చేద్దామని జేబు తడుముకుంటే
అప్పుడు చూసిన
పలక మీద నేనే నిలబడి ఉన్న.

దిగిన.
ఎనకాల బండి హారన్ కొట్టింది.
ఇసుక.