ఖాళీ పీట

రంగనాథన్ వీధి, నాలుగో అంతస్తు.
నిన్న నూట పది చీరలు విప్పాను,
నూట తొమ్మిది మడిచాను.
నేను మడత పెట్టేలోపే
వాళ్ల కళ్లలోని 'కావాలి'
పక్క చీర మీదికి దూకేస్తుంది.
'లేదు' అనకూడదు మేము.
చట్టం వచ్చాక స్టూలైతే వేశారు.
దాని మీద బ్లౌజు ముక్కలు కూర్చుంటాయి.

ఇవాళ మంగళవారం, సెలవు.
ఎండకు తాళలేక ఎగ్మోర్ మ్యూజియంలో దూరాను.
మా అమరావతి రాళ్లట,
నాకంటే ముందే వలసొచ్చినవి.
ఒక పలకలో అంతా వంగి దండం పెడుతున్నారు,
పీటకి.
పీట మీద ఎవరూ లేరు.
కింద రెండు పాదాల గుర్తులు.

"ఆయనేడీ?" అన్నాను.
వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే
"అవ్వళవుదాన్" అన్నాడు.

చాలాసేపు అక్కడే ఉన్నాను,
ఎవరికీ ఏదీ చూపించకుండా.
తర్వాత చెప్పులు విడిచి
గోడవార కూలబడ్డాను.
వాచిన మడమల కింద గచ్చు
చల్లగా, ఏమీ అడక్కుండా.

ఫోను మోగింది.
ఆడి తగ్గింపు, రేపు గంట ముందే రావాలట.
సరేనన్నాను.

లేచి చూస్తే నేల మీద
చెమటతో నా పాదాలు రెండూ,
వేళ్ల దగ్గర్నుంచి
ఆరిపోతూ.