సిరిసిల్ల మడత

పొద్దుగాల ఆరు గాకముందే
ముహర్రఖ్ ఒడ్డున మా టవర్ అద్దాల తలుపు
తడి కాళ్లకు తెరుచుకుంటది.
జనవరి. ఈతకు పోయిన తొమ్మిదో అంతస్తు ఫియోనా మేడం
పండ్లు కొట్టుకుంట వస్తది,
మోకాళ్లు దాటి వేలాడే కోటుల.
పైన వానకు తడవని బట్ట, లోపల గొర్రెపిల్ల బొచ్చు,
నన్నూ టేక్ బహదూర్‌నూ కలిపి పట్టేంత వెడల్పు.
అందులనే బట్టలు మార్చుకోవచ్చట. కాళ్లున్న గుడారమనుకో.

మొదలు అది ఒడ్డు మీదనే ఉండె.
తర్వాత లిఫ్టుల ఎక్కింది.
తర్వాత సూపర్ మార్కెట్ల ఉల్లిగడ్డల కాడ నిలబడ్డది,
బడి బస్సు కాడ, బ్యాంకు లైనుల.
ఆఖరికి నీళ్లల్ల వేలు గూడ ముంచని పోరగాండ్లు
కాఫీ దుకాణంల అది తొడుక్కొని ఫోటోలు దిగిరి.

ఇగ లేచింది పంచాయితీ.

"తానం బట్ట నలుగురిలకు ఎట్లొస్తది?" ఆరో అంతస్తు డాక్టరమ్మ నజ్లా.
"ఒళ్లంత కప్పింది గదా, ఇంకేం గావాలె?" ఫియోనా.
"ఎనభై దినార్లు పెట్టి కొన్న, అల్మారాల పెట్టి మొక్కాల్నా?" ఇంకెవరో.
ఎనభై దినార్లంటే నాకు ఇరవై రోజులు. లెక్క ఊకెనే వచ్చింది నోట్లెకు.
హజ్జి మహ్రూస్ జపమాల ఆపిండు:
"మా నాయన ముత్యాలకు మునిగెటోడు.
పైకొస్తే కప్పుకునుడు గోనెసంచి.
దానితోనే బజారుకు పోయెటోడు,
ఎవ్వలూ ఫ్యాషన్ అనలే."

కుర్చీలు వేసింది నేను.
నన్ను అడగలే, అడిగే పని గూడ లేదు.
కని బట్ట ముచ్చట నడుస్తుంటే నా చెవులు నా మాట వినవు.
సిరిసిల్లోణ్ణి. పన్నెండేండ్లు సాంచెల చప్పుడుల నిద్రపోయినోణ్ణి.
ఆ కోటు అంచు చూసి చెప్తా:
పోగు నైలాను, కుట్టు గట్టిది,
లోపలి బొచ్చు మాత్రం నాలుగు ఉతుకులకు ఉండలు కడ్తది.

మా తాత నేసింది తువ్వాలలు.
ఎర్రంచు, మూడు మూరలు.
చెమటకు అదే, తలపాగకు అదే,
సద్ది మూట, పసిపోరనికి ఉయ్యాల, అన్నీ అదే.
కని దొర గడి ముంగట నడిస్తే
భుజం మీదున్నది సంకలకు దిగాలె.
కొన్నోనిదీ, నేసినోనిదీ.
జానెడు దూరం.
తాత ముసలోడైనంక గూడ
గడి కూలిపోయినంక గూడ
ఆ మలుపు కాడ చెయ్యి భుజం మీదికి పోతుండెనట.

తీర్మానమైంది:
తడి కోటు లాబీల వద్దు, పొడిదైతే సరే.
తడో పొడో చూసేది వాచ్‌మన్.
ఏం జెయ్యాలె, మేడమ్‌ల అంచు పట్టి పిండి చూడాల్నా?
"నేల చూడు, చుక్క పడ్తే ఆపు" అన్నడు బెనడిక్ట్ సార్.
అప్పటిసంది నేలనే చూస్తున్న.

మొన్న రాత్రి ఉత్తరం గాలి లేచింది.
పోయిన సామాన్ల పెట్టెల ఒక నీలం కోటు,
ఆరు వారాలాయె, ఎవ్వలూ అడగలే.
"ఏసుకో, కెమెరా ఆ మూలకు తిరగది" అన్నడు టేక్ బహదూర్.
ఏసుకున్న.
ఉప్పు వాసన. జేబుల ఇసుక, ఒక చాక్లెట్ కాయితం.
ఎవ్వలేమన్న అనుకోని, వెచ్చగుంటదిరా నాయనా!
అద్దంల ఎవరో కిరాయిదారు కనబడ్తే
లేచి సలాం పెట్టబోయిన.

అయిదు కొట్టంగ హజ్జి మహ్రూస్ నమాజుకు దిగిండు.
నా చెయ్యి దానంతటదే
భుజం మీదికి పోయింది, తియ్యనీకి.
ఆయన పైనుంచి కింది దాక చూసిండు.
"తడిగుందా?"
"లేదు హజ్జి, పొడిదే."
"మరింకేం" అనుకుంట చీకట్లకు పోయిండు.

జిప్పు గదుమ దాక గుంజుకొని
ఆరింటి దాక కూసున్న.
దిగేముందు మడిచి పెట్టెల పెట్టిన
సిరిసిల్ల మడత,
అంచు లోపలికి.