ఐసు ఫ్యాక్టరీలో పది నిమిషాలు

ఏప్రిల్ నెల్లో, డోన్‌లో,
స్వెట్టరుందా అని అడిగితే
కొట్టాయన లోపల్నించి పెండ్లాన్ని పిలిచినాడు,
నా నుదురు తాకి చూడమని.

అటకెక్కి రెండు మంకీ టోపీలు దించినాడు.
ఒకటి ఎలుక కొరికింది.
కొరికిందే తీసుకున్నా సగం ధరకి,
కుట్టేది నా పనే కదా.

ఇరవై రెండేండ్లు ఊరందరి జాకెట్లు కుట్టిన మిషన్ మీద
మొదటిసారి నా వీపు కొలతకి సంచి కుట్టినా.
ఏ ఎన్నికలదో పాత ఫ్లెక్సీ.
ఆయనెవరో నవ్వేది లోపలికి పొయ్యేట్టు తిప్పి కుట్టినా.
వానకి తడవదు.

యాడికి పోతారు అంటారు అందరూ.
పైకి, అంటాది సుంకమ్మ.
పైకంటే?
రైలు ఆగిపోయిన కాడ దిగి బస్సెక్కుతాం.
బస్సు ఆగిపోయిన కాడ దిగి నడుస్తాం.
దారి ఆగిపోతే?
ఆడ ఎవురో ఒకరుంటారు, అడుగుతాం.

ఇంతే మా ప్లాను.
క్యాలెండరు ఎనకాల పెన్సిలుతో రాసుకున్నాం,
రబ్బరు పక్కనే పెట్టుకోని.

సుంకమ్మ నాపరాళ్ల గనిలో బండలు మోసిన మనిషి.
కొండని ముక్కలుగానే చూసినా మే,
ఒక్కసారన్నా మొత్తంగా చూడాల, అంటాది.

తెల్లారకముందే ఐదైదు బండముక్కలు సంచుల్లో ఏసుకోని
ఊరిబయట గుట్ట ఎక్కి దిగుతాం.
గొర్ల ఈరన్న కట్టె మీద గడ్డం ఆనించి అడుగుతాడు:
"గుట్ట మీద రాళ్లు చాల్లేదనా
కిందినించి మోస్తాండారు?"

చలి ఒక్కటే తెలీదు మాకు.
రైల్వే గేటు కాడ ఐసు ఫ్యాక్టరీ మస్తాన్‌ని బతిమాలితే
పది నిమిషాలు లోపల నిలబడనిచ్చినాడు.
బయట నలభై మూడు.
లోపల సుంకమ్మ పండ్లు నా మిషన్ మాదిరి టకటకమన్నాయి.
నేను జేబులోంచి సూదీ దారం తీసినా.
ఐదో నిమిషానికి ఎక్కలేదు.
ఏడు. ఎనిమిది.
వేళ్లు నావి కావు, ఎవురివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.
తొమ్మిదో నిమిషంలో ఎక్కింది.
పోవచ్చు, అన్నా.

ఎండిన జొన్నరొట్టెలు ముప్పై, చెనిక్కాయల పొడి,
మోకాళ్లకి నూనె, ఒక కత్తెర.
కత్తెర ఎందుకంటాది సుంకమ్మ.
చెప్పలేను. అది లేకుండా నేను గడప దాటిందెప్పుడు?

ముసలోళ్లు మా ఊరిని ఇప్పటికీ ద్రోణాచలమంటారు.
అచలమంటే కదలందని
బడిలో సారు చెప్పింది గుర్తు.
ఊరిని అననీ.

ఫక్కీరప్ప, మా ఆయన,
ఎప్పుడొస్తావని అడగలేదు.
రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కుంటా
మిషన్‌కి ఎన్ని దినాలకొకసారి నూనెయ్యాలని అడిగినాడు.
పదైదు, అన్నా.
వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు,
ఎంతవరకు లెక్కేసినాడో చెప్పలేదు.

రైలు తెల్లారి ఐదున్నరకి.
గోపవరం దేవమ్మ జాకెట్టుకి
ఇంకా ఒక చెయ్యి మిగిలుంది.
లైటెయ్యి, అన్నా.