ఏకూ మేకూ

పోర్తోలో మూడు రోజులుగా వాన.
ఫెలిస్మీన కొట్లో
ఆరు కుర్చీలు కాళ్ళు పైకెత్తి పడుకున్నాయి.
పళ్ళ డాక్టరు బెల్మీరో గారి బయటి గదిలో
నలభై ఏళ్ళకి పైగా రోగుల్ని మోసినవి.
ఆ చేతుల మీద వార్నిష్ చూడండి,
లోపల్నించి పేరు పిలిచే ముందు
ఊరంతా అక్కడే గోళ్ళు దింపింది.

ఇప్పుడు పీకించుకోవడం వీటి వంతు.

ఆమె చేతిలో ఉన్నది పెద్ద వస్తువేం కాదు.
జానెడు కూడా లేదు.
చెమటకి నల్లబడి, చేపలా నున్నబడ్డ
చెక్క పిడి.
మెడ దగ్గర కొంచెం వంపు,
కొస పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది.
మేకు తల కిందికి ఆ చీలిక దూర్చి
మణికట్టుతో ఒక్కసారి అదిమితే
కిర్రుమని చిన్న మాటేదో అని
మేకు లేచి వస్తుంది.
సార్డీన్ల ఖాళీ డబ్బాలో టంగుమంటుంది.

పై గుడ్డకి మేకుల్లేవు, అన్నీ స్టేపుల్ పిన్నులే.
ఎవడో తుపాకీ పట్టుకుని
తోచిన చోటల్లా పేల్చి పోయాడు,
గంటల లెక్క కూలి కాబోలు.
స్టేపుల్‌కి రెండు కాళ్ళు.
ఒకటి వస్తుంది, రెండోది చెక్కలోనే విరిగి ఉండిపోతుంది,
అద్దె బాకీ పడి పారిపోయినవాడి పెట్టెలా.
దాన్ని పటకారుతో లాగుతూ
ఫెలిస్మీన తిట్టిన తిట్లు
ఇక్కడ రాయను. వాన విన్నది, చాలు.

కింది పొర. ఆకుపచ్చ మఖమలు.
ఇక్కణ్ణించి మేకులు.
ఆమె చెయ్యి నెమ్మదించింది.
వరసలో ప్రతి మేకూ
వెంట్రుకవాసి కుడికి ఒరిగి ఉంది.
అబీలియో ముసలాయనది ఎడమచేతి వాటం.
నోట్లో గుప్పెడు మేకులు పోసుకుని
నాలుకతో ఒక్కొక్కదాన్నే తిప్పి
అయస్కాంతపు సుత్తికి అందించేవాడు.
రోజంతా పలికేది ఊ, ఊహూ. అంతే.
బిల్లు మీద సంతకానికి భార్యని పిలిచేవాడు.
ఇంత స్పష్టంగా రాయగలడని
పాపం ఆవిడకి తెలిసుండదు.

ఏకు మేకయిందని సామెత.
ఈ కుర్చీలో దేని దారి దానిదే.
కింద గోనె, మీద గుర్రపు వెంట్రుకలు,
ఆపైన దూది ఏకు,
అన్నిటినీ పట్టుకుని చుట్టూరా మేకులు.
ఏకు ఎప్పుడో అట్టకట్టి చచ్చింది.
మేకు ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

అయిదో కుర్చీ. ముందు పట్టీ.
పదకొండు మేకులు,
బడి వదిలినప్పటిలా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
అన్నీ ఎడమకే ఒరిగాయి.
ఒకటి నడుం విరిగి
చెక్కకి అతుక్కుని పడుకుంది.

ఫెలిస్మీన పనిముట్టు ఒళ్ళో పెట్టుకుంది.

పదమూడో ఏడు.
బడి మాన్పించి అమ్మ ఇక్కడ దింపిన వారం.
బొటనవేలు చితక్కొట్టుకుంటూ కొట్టిన వరస.
ముసలాయన వంగి చూసి ఊహూ అన్నాడు.
పొద్దున్న వచ్చేసరికి పైన మఖమలు బిగించేసి ఉంది.
పీకేసి మళ్ళీ తనే కొట్టుకున్నాడనుకుంది.
అలా అనుకుంటూనే నలభై ఏళ్ళు
నిటారు వరసలు కొడుతూ వచ్చింది.

గోనె అంచు అరంగుళం కూడా జారలేదు.
పంటినొప్పితో ఎందరు కూర్చున్నారో
ఈ పదకొండింటి మీద.

తియ్యక తప్పదు, చెక్క బీటవారుతోంది.
పది లేచాయి, తేలిగ్గానే.
వంగినదాని కిందికి మొన దూరదు.
చుట్టూ చెక్కని గోరంత తొలిచి
అటూ ఇటూ కదిలించి
మొండి పంటికి నచ్చజెప్పినట్టు
నచ్చజెప్పి తీసింది.

కంతల్లో జిగురూ రంపపు పొట్టూ కూరింది.
పాత కంతలో కొత్త మేకు నిలవదు,
కాస్త పక్కకి జరిపి కొట్టాలి.

పదకొండోది డబ్బాలో టంగుమనలేదు.
బుగ్గన పెట్టుకుంది.
నోట్లో మేకులు పెట్టుకోవద్దని
పనికుర్రాణ్ణి రోజూ కసిరేది ఆమే.

సాయంత్రం డాక్టరు గారి కూతురు ఫోను చేసింది,
శనివారానికి కుర్చీలు పంపిస్తారా అని.
ఊ, అంది ఫెలిస్మీన.
ఆరూనా?
ఊహూ.